సీమ నేలలో కారు దారికి కాంక్రీటు: ముందు మట్టి, ఆ తర్వాతే సిమెంటు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఏప్రిల్‌లో రేగడి చేలో నడిస్తే నెర్రెల్లో అరచేయి నిలువునా దూరుతుంది. అక్టోబరులో రెండు పెద్ద వానలు పడితే ఆ నెర్రెలన్నీ పూడుకుపోయి నేల ఉబ్బుతుంది. ఊరు పెరిగి ఆ చేను ప్లాట్లయినా మట్టి గుణం మారదు. గేటు నుంచి పోర్టికో దాకా కారు దారికి కాంక్రీటు వేయాలా, బండలు పరవాలా, పేవర్లు (అచ్చు పోసిన కాంక్రీటు దిమ్మలు) వేయాలా అన్న ఆలోచన కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఈ మట్టి దగ్గరే మొదలవ్వాలి. మామూలుగా మొదలయ్యేది మాత్రం చదరపుటడుగు రేటు దగ్గర.

కాంక్రీటు బలం మీద అనుమానం అక్కర్లేదు. మామూలు కారు ఒక్కో చక్రం మీద పడే బరువు మూడు నాలుగు వందల కిలోలు. సరిగ్గా కలిపి, సరిగ్గా తడిపిన నాలుగు అంగుళాల ఎం20 అనే బలపు రకం కాంక్రీటు పలక (బెడ్) దాన్ని సునాయాసంగా మోస్తుంది. అయినా రెండేళ్లకే పగుళ్లు కనిపిస్తున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి: కింద నేల కదిలింది, పచ్చిగా ఉన్నప్పుడే నీరు ఎండకూ గాలికీ ఎగిరిపోయింది, లేదా కుంచించుకోవడానికి దానికి చోటు వదల్లేదు. 

మట్టిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు

కారు దారి వచ్చే చోట రెండున్నర అడుగుల గుంత తవ్వి అడుగు మట్టి తీయాలి. పైన కనిపించే ఎర్రమట్టి ఇల్లు కట్టేటప్పుడు తోలించిందై ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తీసిన మట్టిని ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి పది గ్రాముల చొప్పున రెండు భాగాలు చేయాలి. గీతలున్న రెండు గాజు కొలపాత్రల్లో ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి మట్టి వేసి, గాలి బుడగలు పోయేలా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో మట్టి 10 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో 16 దగ్గర నిలిస్తే ఉబ్బు 60 శాతం. 20 శాతం లోపు ఉంటే దిగులు లేదు. 35 దాటితే జాగ్రత్త తప్పదు. 50 దాటిన మట్టి మీద నేరుగా కాంక్రీటు పోయడమంటే డబ్బు మట్టిలో పోసినట్టే. ఇది మట్టి పరీక్షల భారత ప్రమాణం ఐఎస్ 2720లో చెప్పిన పరీక్షకు ఇంటి రూపం. ప్రయోగశాలలో చేయించుకోగలిగితే ఇంకా మంచిది.

రేగడి మీద బెడ్ ఎలా చెడుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి. కాంక్రీటు కింద మధ్యభాగం మట్టికి ఎండ తగలదు, అక్కడి తేమ ఎటూ పోదు. అంచుల కింది మట్టి ఏటా ఎండుతుంది, ఏటా నానుతుంది. ఎండాకాలంలో అంచులు దిగబడతాయి, మధ్యభాగం ఎత్తుగా నిలుస్తుంది. దాంతో బెడ్ నడుమ పొడవునా పగులు పడుతుంది. గేటు నుంచి పోర్టికో వైపు గీత గీసినట్టు పోయే పగులు కనబడితే తప్పు సిమెంటుది కాదు, నేలది.

మందు అందరికీ తెలిసిందే, సగంలో ఆపేయడమే జబ్బు. ఉబ్బు ఎక్కువున్న చోట రెండు నుంచి మూడడుగుల రేగడి తీసేసి గరుసు (గ్రావెల్ మట్టి) నింపాలి. రేగడి తీసి ఇసుక నింపడం పెద్ద పొరపాటు. ఇసుక నీటిని నిలవుంచి కింది రేగడికి తాగిస్తుంది. అంటే ఉబ్బే మట్టి మీద తొట్టి కట్టినట్టవుతుంది. బంకగా ఉంటూ ఉబ్బని ఎర్ర గరుసు నీటిని అంత తేలిగ్గా దిగనివ్వదు, కావాల్సింది అదే. ఇల్లు కట్టగా మిగిలిన రబ్బీసు, ఇటుక ముక్కలు, సున్నపు పెచ్చులు కూడా పనికిరావు. వాటి మధ్య సందులు తర్వాత కూర్చుంటాయి, పైన బెడ్ గుల్లవుతుంది.

పదడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవున్న దారికి రెండున్నర అడుగుల లోతంటే 750 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే తగ్గేది కలుపుకుని తొమ్మిదిన్నర యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) గరుసు తోలించాలి. వీలైతే బెడ్ అంచుకు అవతల కూడా ఒకటిన్నర అడుగు దాకా ఇదే పని చేయాలి, ఎందుకంటే కదిలేది అంచే. ఒక్కసారిగా పోసి పైన నీళ్లు కొట్టి వదిలేస్తే అది కూర్చోదు. ప్లేట్ కంపాక్టర్‌తో అయితే నాలుగు అంగుళాల పొరలుగా, చిన్న రోలర్‌తో అయితే ఆరు అంగుళాల పొరలుగా తొక్కించాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్లకు తడి అంటకూడదు. గరుసుకు ఆ తేమ సరిపోతుంది. గరుసు దొరకడం కష్టమైతే రేగడి పైపొర ఆరేడు అంగుళాల్లో నాలుగైదు శాతం సున్నం బాగా కలిపి తొక్కించినా ఉబ్బు చాలా తగ్గుతుంది. అయితే ఉండలు లేకుండా కలపడం కష్టమైన పని, చేతిపనితో సమంగా కలవదు.

అనంతపురం, కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలల్లో ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. గడ్డీ వేర్లూ ఉన్న పైమట్టి ఆరంగుళాలు తీసేసి, నాలుగంగుళాల గరుసో వెట్ మిక్సో (తడిపి కలిపిన కంకర, రాతి పొడి మిశ్రమం) పరిచి తొక్కిస్తే చాలు. ఒకే జిల్లాలో రెండు రకాల నేలా ఉంటుంది కాబట్టి పక్కూరి అనుభవాన్ని నమ్ముకోకుండా గుంత తవ్వి చూసుకోవడమే దారి.

కొలతలు, సామాను

ఎర్రనేల మీద కారుకు నాలుగంగుళాల మందం సరిపోతుంది. రేగడి ఉన్న చోటా, నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే ఇంటా ఐదంగుళాలకు తగ్గకూడదు. సీమలో ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు. ఐదు వేల లీటర్ల ట్యాంకరంటే నీళ్లే ఐదు టన్నులు. ట్రాక్టరు, తొట్టి కలిపితే ఎనిమిది టన్నులకు అటూఇటూ. వేసవిలో వారానికి రెండుసార్లు ట్యాంకరు ఎక్కే బెడ్‌ను కారు లెక్కతో వేయకూడదు. ఆరంగుళాలు వేసినా తప్పులేదు.

పది బై ముప్పై దారికి ఐదంగుళాల బెడ్ 125 ఘనపుటడుగులు, అంటే సుమారు మూడున్నర ఘనపు మీటర్లు. సిమెంటు, ఇసుక, కంకర ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపే ఎం20కి దాదాపు 29 మూటల సిమెంటు, 53 ఘనపుటడుగుల ఇసుక, 105 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర పడతాయి. నాలుగంగుళాలకైతే సిమెంటు 23 మూటలు. ఈ అంకెల్లో వృథా లేదు, ఐదు శాతం కలుపుకోవాలి. మూటకు ఇసుక 1.9, కంకర 3.75 ఘనపుటడుగులు. తట్టల లెక్క పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది కాబట్టి చెక్క కొలత పెట్టె వాడాలి. తడి ఇసుక పొంగి పరిమాణం ఎక్కువ చూపిస్తుంది, ఆ మేరకు కొంచెం ఎక్కువ పోయాలి.

పెన్న, తుంగభద్ర ఇసుకైనా, రాతి ఇసుకైనా వాడొచ్చు. ఏటి ఇసుకైతే సీసాలో సగం దాకా పోసి ఉప్పునీళ్లతో కుదిపి మూడు గంటలు ఉంచాలి. పైన తేరిన ఒండ్రు ఇసుక మందంలో ఎనిమిది శాతం మించితే కడగాలి, లేదా వెనక్కి పంపాలి. రాతి ఇసుక పేరుతో క్రషర్ డస్ట్ (కంకర కొట్టగా మిగిలే రాతి పొడి) వస్తుంటుంది, పిండిలా అరచేతికి అంటుకుంటే అది డస్టే.

సిమెంటులో బూడిద కలిసిన పీపీసీ ఈ పనికి నప్పుతుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి, ఆర్‌టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) బూడిదా ఇక్కడిదే, కాబట్టి తాజా సరుకు దొరకడం కష్టం కాదు. పీపీసీ గట్టిపడేటప్పుడు వేడి తక్కువ, బలం మాత్రం నిదానంగా వస్తుంది. అందుకని ఎక్కువ రోజులు తడపాలి. బూడిద కలపని 53 గ్రేడ్ సిమెంటు త్వరగా గట్టిపడుతుంది కానీ మన ఎండల్లో కారు దారికి ఆ తొందర మేలు చేయదు.

ఇక నీళ్లు. ఎక్కువ పని చెడేది ఇక్కడే. మూటకు 25 లీటర్లు సరిపోతాయి. పాళ్ల లెక్కన కలిపే ఎం20 నామినల్ మిక్స్‌కు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునే గరిష్ఠం 30 లీటర్లు. ఇసుక ఇప్పటికే తడిగా ఉంటే మూటకు నాలుగు లీటర్ల దాకా తగ్గించాలి. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) దగ్గర బకెట్ లెక్కలేకుండా పోస్తే 35, 40 దాకా పోతుంది. కాంక్రీటు సాంబారులా జారి తనంతట తనే పరుచుకుంటుంది, పని తేలికవుతుంది, బలం మూడోవంతో అంతకన్నా ఎక్కువో పోతుంది. పారతో ఎత్తితే పార మీద కుప్పగా నిలవాలి, తాపీతో తడితే కదలాలి. అంతకన్నా పలుచన కావాలంటే నీళ్లకు బదులు ప్లాస్టిసైజర్ (కాంక్రీటును జారేలా చేసే మందు) వాడాలి. డబ్బా మీద రాసిన మోతాదు సాధారణంగా మూటకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉంటే పరీక్ష చేయించాలి. ఇనుము వేసిన కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 మిల్లీగ్రాములు దాటకూడదు.

రెడీమిక్స్ తెప్పిస్తే పాళ్లు కచ్చితంగా ఉంటాయి. అయితే బండికి పట్టేది ఆరు ఘనపు మీటర్లు, మన పనికి కావాల్సింది మూడున్నర. పైగా ప్లాంటులో నింపిన రెండు గంటల్లోపు దింపేయాలి. ప్లాంటు ఊరికి దూరమైతే దారిలోనే బిగుస్తుంది, గేటు దగ్గర నీళ్లు కొట్టి పలుచన చేస్తారు. అలాంటప్పుడు మిల్లరే మేలు.

ఇనుము గురించి ఒక అపోహ బలంగా ఉంది. మెష్ (ఇనుప కడ్డీల వల) వేస్తే పగలదని. పగులు ఆపడం దాని పని కాదు, పగిలిన చోట రెండు ముక్కలు విడిపోకుండా, ఎత్తుపల్లాలు రాకుండా పట్టి ఉంచుతుంది. ఎర్రనేల మీద పది బై పది గళ్లుగా విడగొట్టి వేస్తే ఇనుము లేకపోయినా నడుస్తుంది. రేగడి మీదైతే 8 ఎంఎం కడ్డీలు ఎనిమిదంగుళాల దూరంలో రెండు వైపులా కట్టాలి. ఈ దారికి సుమారు 115 కిలోలు పడుతుంది. అది ఉండాల్సింది పై నుంచి రెండంగుళాల లోతులో. నేల మీద పరిచి, ‘పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం’ అంటే ఒప్పుకోకూడదు. లాగిన చోట లేస్తుంది, మనిషి తొక్కగానే మళ్లీ దిగుతుంది. కింద కవర్ బ్లాకులు గానీ కుర్చీ కడ్డీలు గానీ పెట్టాల్సిందే.

పోసే రోజు

పోయడానికి మంచి కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఎండ తక్కువ, బోర్లలో నీళ్లుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, వానల తర్వాత రేగడి మరీ ఎండి లేదు, మరీ నాని లేదు. మే నెలలో ఎముకలా ఎండిన రేగడి మీద బెడ్ వేస్తే మొదటి వానాకాలంలోనే అది పైకి తంతుంది.

వేసవిలో తప్పనిసరైతే తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించాలి, లేదా సాయంత్రం ఐదు తర్వాత పోయాలి. కంకరకు ముందు రాత్రి నీళ్లు చల్లి గోనెలు కప్పాలి. మిద్దె మీద ట్యాంకులో కాగిన నీళ్లు కలపకూడదు. ఎండ ఒక్కటే శత్రువనుకుంటారు కానీ గాలి అంతకన్నా తక్కువది కాదు. అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే గాలులకు కొండల మీద గాలిమరలు తిరుగుతాయి, అదే గాలి పచ్చి కాంక్రీటు పైపొర నీటిని అరగంటలో పీల్చేస్తుంది. చదరపు మీటరుకు గంటకు కిలో నీరు మించి ఆవిరైతే బెడ్ బిగుసుకోకముందే సన్న పగుళ్లు వస్తాయి. గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టడం, మట్టం చేసిన వెంటనే పాలిథిన్ కప్పడం తేలికైన పనులే, చేసేవాళ్లు తక్కువ.

కాంక్రీటు గట్టిపడుతూ కుంచించుకుంటుంది, అందుకే జాయింట్లు. ముప్పై అడుగుల బెడ్ ఎండేసరికి దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది, రాత్రీ పగలూ వేడి తేడాకు వచ్చే కదలిక దీనికి అదనం. మనం గీత ఇవ్వకపోతే అదే తనకు నచ్చిన చోట గీత వేసుకుంటుంది. నాలుగంగుళాల బెడ్‌కు ఎనిమిది నుంచి పదడుగులకు ఒకటి, ఐదంగుళాలకు పది నుంచి పన్నెండడుగులకు ఒకటి చొప్పున, మందంలో నాలుగోవంతు లోతున కోత ఉండాలి. గళ్లు చతురస్రానికి దగ్గరగా ఉండాలి. కటింగ్ మిషనుతో అయితే పోసిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో, వేసవిలో ఇంకా ముందే, అంచు రాలకుండా కోయగలిగిన తొలి నిమిషంలోనే కోయాలి. మర్నాడు సాయంత్రం కోస్తే అప్పటికే పగులు లోపల పడి ఉంటుంది.

మిషను దొరకని ఊళ్లో ఒకటి విడిచి ఒకటి పోయడం మంచి పద్ధతి. మన దారిలో మూడు గళ్లు. మొదటి రోజు గేటు గడి, పోర్టికో గడి. రెండు మూడు రోజులాగి నడిమి గడి. ట్యాంకరు తిరిగే చోట గళ్ల మధ్య 16 ఎంఎం నున్న కడ్డీలు, అడుగున్నర పొడవువి, అడుగుకొకటి పెట్టి ఒక సగానికి గ్రీజు పూయాలి. గళ్లు విడిగా కదులుతాయి కానీ ఒకటి దిగి ఒకటి లేవడం ఉండదు. ఇంటి పునాది గోడకూ, ప్రహరీకీ, బెడ్‌కూ మధ్య అరంగుళం థర్మకోల్ పట్టీ తప్పనిసరి. ఇల్లొక నేల మీద, బెడ్డొక నేల మీద ఉన్నాయి. రెండూ అతుక్కుంటే బెడ్ ఇంటిని తోస్తుంది. సంపు మూత స్లాబుకూ ఇదే నియమం. సంపు పైకప్పు దాని గోడల మీద ఆనుతుంది, చుట్టూ బెడ్ నేల మీద ఆనుతుంది, కాబట్టి వాటిని కలిపి ఒకే పోతగా పోయకూడదు. ట్యాంకరు చక్రం సంపు మీదుగా పోయేలా గేటు పెట్టుకున్నవాళ్లు ఆ స్లాబుకు ఇంజనీరు చేత వేరుగా లెక్క వేయించుకోవాలి.

వాలు అడుగుకు పావంగుళం, ఇంటి నుంచి గేటు వైపు. వీధి రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ నాలుగైదంగుళాలు లేస్తుంది కాబట్టి గేటు దగ్గర మట్టం రోడ్డుకు కనీసం ఆరంగుళాల పైన ఉండేలా ముందే చూసుకోవాలి. బెడ్ కింద అడ్డంగా రెండు 110 ఎంఎం ఖాళీ పీవీసీ పైపులు ముందే వేసి మూతలు పెడితే రేపు బోరు వైరుకో, నల్లా పైపుకో బెడ్ పగలగొట్టక్కర్లేదు.

పైన నునుపు కోసం పొడి సిమెంటు చల్లి తాపీ రుద్దడం మన బేల్దార్లకు అలవాటు. ఇంటి లోపలి గచ్చుకు అది చెల్లింది. కారు దారికి హాని. పైన సిమెంటు ఎక్కువైన పల్చటి పొర వేరుగా కుంచించుకుని సాలెగూడు పగుళ్లిస్తుంది, ఏడాదికి పెచ్చులూడుతుంది, వానలో జారుతుంది. తేలిన నీరు ఆరాక చెక్కతో మట్టం చేసి, వాలుకు అడ్డంగా చీపురు గీతలు గీస్తే చాలు.

తడపడం

పీపీసీకి పది రోజులు కనిష్ఠం, మన ఎండల్లో పద్నాలుగు. పొద్దునా సాయంత్రం పైపుతో కొట్టడం తడపడం కిందికి రాదు, మధ్యలో ఎండిన ప్రతిసారీ లోపలి గట్టిదనం ఆగిపోతుంది. మళ్లు కట్టి అంగుళం నీళ్లు నిలపాలి. ఈ దారికి ఒకసారి నింపడానికి 700 లీటర్లు, ఆపై వేసవిలో రోజుకు 250 నుంచి 300 లీటర్లు ఆవిరికే పోతాయి. పద్నాలుగు రోజులకు దాదాపు ఒక ట్యాంకరు. ఈ నీటి ఖర్చు మొదటి అంచనాలోనే రాసుకోవాలి. నీళ్లు కరువైన చోట తడి గోనెల మీద పాలిథిన్ కప్పి అంచులకు ఇసుక పోస్తే పావు వంతు నీళ్లతో పని జరుగుతుంది. రెండూ కుదరని ఇంట కాంక్రీటు ఆలోచన మానుకోవడమే మంచిది. కారు పద్నాలుగు రోజుల తర్వాత, ట్యాంకరు 28 రోజుల తర్వాత.

బండలు, పేవర్లు

కడప నల్లబండ, తాడిపత్రి, బేతంచెర్ల బండలు కళ్లముందే దొరుకుతుంటే సిమెంటు బెడ్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. బండల మిద్దెలు కట్టుకున్న నేల ఇది. అయితే ఇంట్లో పరిచే అంగుళం లోపు పాలిష్ బండ కారు దారికి పనికిరాదు. నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి పరిస్తే మధ్యలో గుల్ల మిగులుతుంది, చక్రం అక్కడ పడగానే చిట్లుతుంది. పాలిష్ చేయని రెండున్నర, మూడంగుళాల మందం బండను, తొక్కించిన గరుసు మీద రెండంగుళాల క్రషర్ డస్ట్ పరిచి, కింద ఎక్కడా గుల్ల లేకుండా ఆనించాలి. కర్రతో తట్టితే డొల్ల శబ్దం రాకూడదు. ఇలా వేసిన బండకు కాంక్రీటుకు లేని గుణం ఒకటుంది: నేల కదిలితే బండను లేపి, డస్ట్ సరిచేసి మళ్లీ పరుచుకోవచ్చు. నల్లబండ మధ్యాహ్నం కాళ్లు కాలుస్తుంది, ఇది నిజమే. యాసిడ్‌తో కడగడం సున్నపురాయి బండకూ కాంక్రీటుకూ రెండింటికీ విషమే.

పేవర్లకూ ఇదే లేపి సరిచేసుకునే సౌకర్యం ఉంది. కారుకు 60 ఎంఎం, ట్యాంకరు వచ్చే చోట 80 ఎంఎం. 50 ఎంఎంవి నడిచే దారికి మాత్రమే. అంచుకు కాంక్రీటు కట్ట లేకపోతే ఏడాదిలో వరుసలు విడిపోతాయి. రేగడి లోతుగా ఉండి, మూడడుగులు తవ్వే స్తోమత లేని ఇంటికి ఒకటిన్నర అడుగు గరుసు మీద పేవర్లు గానీ మందపు బండలు గానీ కాంక్రీటు కన్నా తెలివైన ఎంపిక. ఎర్రనేల మీద, నీళ్లున్న ఇంట, ట్యాంకరు తిరిగే దారికి కాంక్రీటును మించింది లేదు.

ఎర్రనేలలో ఖర్చు తగ్గించే మరో దారి రెండు పట్టీలు. చక్రాలు నడిచే చోట రెండున్నర అడుగుల వెడల్పున రెండు పట్టీలు పోసి మధ్యలో కంకర పరిస్తే కాంక్రీటు సగానికి తగ్గుతుంది, వాన నీరు మధ్యలో ఇంకుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురంలో ఇది చిన్న సంగతి కాదు. మూడు వందల చదరపుటడుగుల మీద పడేది పదిహేను వేల లీటర్లు, మూడు ట్యాంకర్ల నీళ్లు. బెడ్ నిండా పోసినా ఆ నీటిని గేటు లోపలే జాలీ కాలువతో పట్టి ఇంకుడు గుంతకు మళ్లించొచ్చు. రేగడిలో మాత్రం పట్టీలు వద్దు, మధ్యలో ఇంకిన నీరే రెండు పట్టీల కిందా ఉబ్బు తెస్తుంది. అక్కడ ఇంకుడు గుంతను కూడా బెడ్‌కూ పునాదికీ దూరంగా, స్థలం ఇచ్చినంత ఎడంగా తవ్వాలి.